8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు కొనవచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు ఒకసారి చెబుతాను. మీ దగ్గర రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 1080పీ మానిటర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు ఉన్నాయి. అనంతపురం జేఎన్‌టీయూలో చదువుకుంటూ సాయంత్రాలు వాలరెంట్, సెలవుల్లో కథ ఉన్న పెద్ద గేములు ఆడుతుంటారు. ఈసారి ఇంట్లో డబ్బు అడిగితే మళ్ళీ నాలుగేళ్ల దాకా అడగలేనని రాశారు. 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 తీసుకోవాలా, ఇంకొంత పోగేసి 16 జీబీ కార్డు తీసుకోవాలా, "8 జీబీ పని అయిపోయింది" అని వీడియోల్లో చెబుతున్నది నిజమేనా అని అడిగారు.

నేను ఇదే ఊళ్లో కంప్యూటర్లు అసెంబుల్ చేసి, చెడిపోయినవి బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. ఈ పనిలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. 512 ఎంబీ కార్డును గొప్పగా చెప్పి అమ్మిన రోజులు కూడా నాకు గుర్తున్నాయి. మీ బోర్డుకూ, మీరు పెట్టుకున్న నాలుగేళ్ల గడువుకూ 16 జీబీ కార్డే సరైనదని నా అభిప్రాయం. అయినా 8 జీబీ పని అయిపోయిందన్న మాటను నేను ఒప్పుకోను. మెమొరీ సరిపోతుందా లేదా అన్నది పెట్టె మీద అచ్చువేసిన అంకెతో తేలేది కాదు. ఏ గేము ఆడుతున్నాం, ఏ రిజల్యూషన్‌లో ఆడుతున్నాం, సెట్టింగులు ఎక్కడ పెట్టుకున్నాం, మెమొరీ నిండిపోయాక మిగిలినది ఏ దారిన వెళ్లి వస్తుంది అన్న నాలుగు సంగతులూ కలిస్తేనే తేలుతుంది. మొదటి మూడింటి గురించి అందరూ మాట్లాడతారు. మీ విషయంలో అసలు చిక్కు నాలుగోదానిలో ఉంది.

వీడియో మెమొరీలో, అంటే గ్రాఫిక్స్ కార్డు మీదే ఉండే మెమొరీలో, చోటును ఏది తింటుందో ముందు చూద్దాం. 1080పీ తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున లెక్క కడితే ఒక పూర్తి చిత్రానికి 8 ఎంబీకి కాస్త పైన పడుతుంది. 4కే అయినా 33 ఎంబీ చిల్లరే. లోతు, వెలుగు, నీడ, కదలిక వంటి వాటి కోసం గేము లోపల ఇలాంటి పొరలు పదుల సంఖ్యలో వేసుకుంటుంది కాబట్టి, రిజల్యూషన్ పెంచినప్పుడు కొన్ని వందల ఎంబీలు, ఒక్కోసారి ఒక జీబీకి పైగా అదనంగా ఖర్చవుతుంది. అయినా సింహభాగం టెక్స్చర్లదే, అంటే గోడలకూ రాళ్లకూ బట్టలకూ ముఖాలకూ పైన అతికించే బొమ్మలదే. పొడవు 4096, వెడల్పు 4096 పిక్సెళ్లు ఉన్న ఒక్క టెక్స్చర్‌ను కుదించకుండా ఉంచితే 64 ఎంబీ అవుతుంది. గేములు సాధారణంగా వాడే బీసీ7 పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీ. దూరం నుంచి కనిపించేటప్పుడు వాడుకోవడానికి పెట్టుకునే చిన్న ప్రతులు కూడా కలిపితే 21 ఎంబీ దాటుతుంది. ఒక్కో వస్తువుకు రంగు కోసం ఒకటి, గరుకుదనం కోసం ఒకటి, ఎత్తుపల్లాల కోసం ఒకటి అన్నట్టు కనీసం మూడు ఉంటాయి. అలాంటి వస్తువులు వంద ఒకే చోట చేరితే 6 జీబీ దాటిపోతుంది. అందుకే గేము అన్నింటినీ పూర్తి కొలతలో పెట్టుకోకుండా, ఆటగాడి దగ్గరున్నవాటిని పెద్దవిగానూ దూరంగా ఉన్నవాటిని చిన్నవిగానూ తెచ్చుకుంటూ, అవసరం తీరినవాటిని తీసేస్తూ నడుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పైన చెప్పిన ఒక్క టెక్స్చర్‌లోనే 1.68 కోట్ల పిక్సెళ్లు ఉన్నాయి, అంటే మీ మానిటర్ మొత్తం మీద ఉన్నవాటికి ఎనిమిది రెట్లు. గోడకు ముక్కు ఆనించి చూస్తే తప్ప 1080పీలో అంత వివరం కంటికి అందదు. కాబట్టి టెక్స్చర్ సెట్టింగును అల్ట్రా నుంచి హైకి దించినప్పుడు పోయేది, చాలా గేముల్లో, మీరు చూడగలిగింది కాదు. పైగా మెమొరీ చాలినంత కాలం టెక్స్చర్ సెట్టింగు వల్ల ఫ్రేమ్ రేటులో, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్యలో, తేడా దాదాపుగా ఉండదు. నీడలు, ప్రతిబింబాలు తగ్గిస్తే వేగం పెరుగుతుంది. టెక్స్చర్లు తగ్గిస్తే చోటు మిగులుతుంది. ఈ రెండింటినీ కలిపేసి అన్నీ ఒకేసారి "లో"కు దించేసి, బొమ్మంతా పాడుచేసుకుని, కార్డును తిట్టుకునేవాళ్లు వారానికి ఒకరైనా నా బల్ల ముందుకు వస్తారు.

వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే రే ట్రేసింగ్ వేసుకుంటే దృశ్యంలోని ఆకారాలన్నింటికీ వేరే పట్టిక ఒకటి మెమొరీలో కట్టుకోవాలి కాబట్టి మరికొంత చోటు పోతుంది. బొమ్మను చిన్న కొలతలో గీసి తర్వాత పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ వల్ల లోపలి పొరలు చిన్నవై కొంత చోటు మిగులుతుంది, కానీ టెక్స్చర్లు అలాగే ఉంటాయి. ఫ్రేమ్ జనరేషన్ దీనికి తిరగబడిన వ్యవహారం. నడిమి ఫ్రేములను పుట్టించడానికి దానికే అదనంగా మెమొరీ కావాలి. 8 జీబీ కార్డు ప్రకటనలో ఫ్రేమ్ జనరేషన్‌నే ముందు పెట్టి చూపించడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది, ఎందుకంటే మెమొరీ అంచున ఉన్న గేములో దాన్ని వేయగానే అంచు దాటుతుంది.

అంచు దాటితే ఏమవుతుంది? గేము వెంటనే ఆగిపోదు. విండోస్ మిగిలిన సామానును కంప్యూటర్ ర్యామ్‌లోకి తోసి, కావలసి వచ్చినప్పుడు మదర్‌బోర్డు మీద కార్డును గుచ్చే పీసీఐఈ స్లాట్ గుండా కార్డుకు అందిస్తుంది. మన ఊళ్లో ఇంటి మీది ట్యాంకు, కింద సంపు ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ట్యాంకులో నీళ్లున్నంతసేపూ కొళాయి ధారగా వస్తుంది. ట్యాంకు ఖాళీ అయి సంపు నుంచి మోటారుతో ఎక్కిస్తూ వాడుకోవలసి వస్తే, సంపులో ఎన్ని నీళ్లున్నాయన్న దానికంటే మధ్యలోని పైపు ఎంత లావుందన్నదే ముఖ్యం. ఆర్‌టీఎక్స్ 5060 తన సొంత మెమొరీతో సెకనుకు 448 జీబీ వేగంతో మాట్లాడుకుంటుంది. అదే కార్డు స్లాట్ గుండా ర్యామ్‌తో మాట్లాడే వేగం, స్లాట్ తరాన్ని బట్టి, సెకనుకు 8 నుంచి 32 జీబీల మధ్య ఉంటుంది.

మీ చిక్కు ఇదే. స్లాటు చూడటానికి పొడుగ్గా, 16 లేన్లదిగానే (డేటా నడిచే వరసలను లేన్లంటారు) ఉంటుంది. కానీ ఆర్‌టీఎక్స్ 4060, 4060 టీఐ, 5060, 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 7600 కార్డులు అన్నీ 8 లేన్లే వాడుకుంటాయి. పీసీఐఈ 5.0 బోర్డులో 8 లేన్లంటే సెకనుకు సుమారు 32 జీబీ, 4.0 బోర్డులో 16 జీబీ. మీ బీ450 బోర్డు 3.0 తరానిది, అక్కడ అవే 8 లేన్లు సుమారు 8 జీబీ మాత్రమే మోయగలవు. మీ 3600 ప్రాసెసర్‌కు 4.0 వచ్చినా బోర్డుకు రాదు కాబట్టి లాభం లేదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీ సెకన్లు. ఆ సమయంలో 8 జీబీ దారిలో రాగలిగేది 130 ఎంబీ చిల్లర. మీరు తలుపు తీసి కొత్త గదిలోకి అడుగుపెట్టిన క్షణాన 500 ఎంబీ టెక్స్చర్లు ర్యామ్ నుంచి రావలసి వస్తే 62 మిల్లీ సెకన్లు పడుతుంది, అంటే దాదాపు నాలుగు ఫ్రేములు ఎగిరిపోయి బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఇదే కొరత కొత్త బోర్డులో వస్తే 16 మిల్లీ సెకన్లలో ముగుస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. వీడియోల్లో పరీక్షలు చేసేవాళ్ల దగ్గర చాలావరకు ఖరీదైన కొత్త బోర్డులే ఉంటాయి కాబట్టి, ఒకే 8 జీబీ కార్డు వాళ్లకు ఒకలా, మీ గదిలో మరొకలా నడుస్తుంది.

గత వేసవిలో సప్తగిరి సర్కిల్ వైపు నుంచి ఒక కుర్రవాడు క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి, బైకు మీద తన ముందు పెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. కార్డు 8 జీబీది, బోర్డు మీలాగే 3.0 తరానిది. "అన్నా, కార్డు పోయింది, వారంటీకి పంపండి" అన్నాడు. గేము పెట్టి చూస్తే మూలలో ఫ్రేమ్ రేటు 70 చూపిస్తోంది, కానీ ఐదారు సెకన్లకొకసారి బొమ్మ గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఆగుతోంది. గోడ మీది రాతలు తడి గుడ్డతో తుడిచినట్టు మసకగా ఉండి, కాసేపటికి తేటపడుతున్నాయి. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కితే కింద రెండు గ్రాఫులు వస్తాయి. డెడికేటెడ్ మెమొరీ 8లో 7.7 దగ్గర గీత గీసినట్టు నిలబడి ఉంది. షేర్డ్ మెమొరీ 3.1 జీబీ చూపిస్తోంది. టెక్స్చర్లను ఒక్క మెట్టు దించి, గేము మూసి మళ్ళీ తెరిచాను. షేర్డ్ 0.4కు పడిపోయింది, ఆగడం పోయింది. ఫ్రేమ్ రేటు 71. ఆ అబ్బాయి తెరకు దగ్గరగా వంగి గోడను చాలాసేపు చూశాడు, తేడా ఏదీ కనిపించలేదన్నాడు. డబ్బు తీసుకోలేదు, మళ్ళీ దుప్పట్లోనే చుట్టి పంపించాను.

సగటు ఫ్రేమ్ రేటు 70 నుంచి 71 అయిందంతే. మెమొరీ కొరత సగటులో కనిపించదు, కుదుపుల్లో కనిపిస్తుంది, లేదా కొన్ని గేముల్లో కుదుపు కూడా రాకుండా టెక్స్చర్లే మసకబారిపోతాయి, ఎందుకంటే ఆ గేము తెలివిగా తనంతట తానే నాణ్యత తగ్గించేసుకుంటుంది. రెండోది మరీ మోసం. గ్రాఫులన్నీ చక్కగా ఉంటాయి, బొమ్మ మాత్రం చెత్తగా ఉంటుంది. కాబట్టి రెండు కార్డులను పోల్చే వీడియో చూసేటప్పుడు సగటు అంకెను పక్కనపెట్టి, 1 శాతం కనిష్ఠం అని వేసే అంకెను (అన్నింటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది), వీలైతే ఆడుతున్న దృశ్యాన్ని చూడండి.

కుదుపు వచ్చిన ప్రతిసారీ మెమొరీని నిందించడం కూడా పొరపాటే. ఒక చోటికి మొదటిసారి వెళ్లినప్పుడు మాత్రమే ఆగి, అదే చోటికి మళ్ళీ వెళ్తే ఆగకపోతే అది షేడర్ల కంపైలేషన్ వల్ల, అంటే బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములను మీ కార్డుకు తగ్గట్టు అప్పటికప్పుడు తయారుచేసుకోవడం వల్ల, వచ్చేది. 16 జీబీ కాదు, 32 జీబీ కార్డు పెట్టినా పోదు. గేము పాత హార్డ్ డిస్క్‌లో ఉంటే టెక్స్చర్లు ఆలస్యంగా తేటపడటం అచ్చం మెమొరీ కొరతలాగే కనిపిస్తుంది, దానికి ఎస్‌ఎస్‌డీ మందు. ప్రాసెసర్ చాలకపోతే జనం, వాహనాలు ఎక్కువగా ఉన్న చోట ఫ్రేమ్ రేటు పడిపోతుంది, షేర్డ్ మెమొరీ మాత్రం కదలదు. తేల్చుకోవడానికి ఉన్న తేలిక పరీక్ష టెక్స్చర్లను ఒక మెట్టు దించి, గేము మళ్ళీ తెరిచి, అదే చోట నడిచి చూడటం. కుదుపు పోతే మెమొరీయే, పోకపోతే ఇంకేదో.

మరొక పొరపాటు గురించి కూడా చెప్పాలి. 24 జీబీ కార్డు ఉన్న ఎవరో తెర మూలలో "13 జీబీ వాడుతోంది" అని చూపించి, ఈ గేముకు 13 జీబీ కావాలి అంటారు. చోటు ఉంటే ఆక్రమించుకోవడం చాలా గేములకు అలవాటు; ఒకసారి తెచ్చుకున్న టెక్స్చర్‌ను, మళ్ళీ పనికొస్తుందేమోనని, చోటున్నంతకాలం తీసేయవు. అది కోరుకున్న మొత్తమే తప్ప అది లేకపోతే నడవని మొత్తం కాదు. మీ కార్డు మీద షేర్డ్ గీత పెరగనంతవరకు డెడికేటెడ్ నిండుగా ఉన్నా కంగారు పడనక్కరలేదు. బ్రౌజరు, డిస్కార్డ్, రెండో మానిటర్ వంటివి కూడా అదే మెమొరీలో అర జీబీ నుంచి ఒక జీబీ దాకా నొక్కేస్తాయి కాబట్టి, 8 జీబీ కార్డు ఉన్నవాళ్లు గేము ముందు ముప్పై ట్యాబులు మూసేయడం మాత్రం మంచి అలవాటు.

ఇంత గొడవ 2023 నుంచే ఎందుకు మొదలైందన్నది అడగదగిన ప్రశ్న. పెద్ద గేములు ముందు ప్లేస్టేషన్ (పీఎస్), ఎక్స్‌బాక్స్ వంటి కన్సోళ్ల కోసం, అంటే టీవీకి తగిలించి ఆడే గేము పెట్టెల కోసం, తయారై, తర్వాత పీసీకి వస్తాయి. పీఎస్4లో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి ఉన్న మెమొరీ 8 జీబీ. 2020 నవంబరులో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో అది 16 జీబీ. మొదటి రెండేళ్లు చాలా గేములు పాత కన్సోళ్లలో కూడా నడవాలి కాబట్టి అదుపులో ఉన్నాయి. పాతవాటిని వదిలేసి కొత్తవాటి కోసమే చేసిన గేములు వచ్చేసరికి 8 జీబీ కార్డులకు ఇరుకు మొదలైంది. 2023 మార్చిలో పీసీకి వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 విడుదలైన రోజుల్లో 8 జీబీ కార్డుల మీద చాలా ఇబ్బంది పెట్టింది. తర్వాతి ప్యాచ్‌లతో చాలావరకు దారిలో పడింది. అంటే తప్పు కొంత గేము చేసినవాళ్లది కూడా. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేము మాత్రం కనీస అవసరంగానే 8 జీబీ కార్డు అడిగింది. అందులో టెక్స్చర్లకు కేటాయించే చోటును విడిగా ఎంచుకునే సెట్టింగు ఉంది, 8 జీబీ కార్డుతో దాన్ని తగ్గించుకుని ఆడటం తప్పదు. ఇలా సెట్టింగును విడిగా ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. ఆడేవాడికి తన చేతిలో ఏముందో తెలుస్తుంది.

మరి తయారీదారులు ఇంకో 2 జీబీ, 4 జీబీ వేసి 10, 12 ఎందుకు ఇవ్వరని మా దుకాణంలో అందరూ అడుగుతారు. మెమొరీ చిప్పులు ఒక్కొక్కటి 32 బిట్ల దారిని తీసుకుంటాయి. 128 బిట్ల బస్సు (గ్రాఫిక్స్ చిప్పుకూ మెమొరీకీ మధ్య ఉండే మొత్తం దారి) ఉన్న కార్డుకు అలా నాలుగు చిప్పులు పడతాయి; మామూలుగా దొరికే చిప్పు 2 జీబీది కాబట్టి నాలుగు రెళ్లు ఎనిమిది. పెంచాలంటే బోర్డుకు రెండో వైపున కూడా మరో నాలుగు చిప్పులు అతికించి 16 చేయాలి, మధ్యలో 10, 12 కుదరవు. 192 బిట్లయితే ఆరు చిప్పులు, 12 జీబీ. 2021లో ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ వచ్చి, దానికన్నా వేగమైన 3070 8 జీబీ దగ్గరే ఆగిపోవడానికి కారణం ఈ లెక్కే. అప్పట్లో 1 జీబీ, 2 జీబీ చిప్పుల మధ్య ఎంచుకోవాలి, 3060కి 6 ఇవ్వడమా 12 ఇవ్వడమా అన్న ప్రశ్న వచ్చింది, 12 ఇచ్చారు. ఇప్పుడు జీడీడీఆర్7 అనే కొత్త తరం వీడియో మెమొరీలో 3 జీబీ చిప్పులు వచ్చాయి కాబట్టి ముందు ముందు 128 బిట్ల కార్డులు 12 జీబీతో వచ్చే వీలుంది. గ్రాఫిక్స్ చిప్పు డిజైన్ సమయంలోనే 128 బిట్లకు కుదించుకోవడం మాత్రం వాళ్లు ఎంచుకున్నదే, విధి రాసింది కాదు. 2016లో 239 డాలర్లకు ఆర్‌ఎక్స్ 480 కార్డు 8 జీబీతో వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత 2025లో 299 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5060కి కూడా అదే 8 జీబీ. గ్రాఫిక్స్ చిప్పు ఎన్నో రెట్లు వేగమైంది, దాని ముందు పెట్టిన పళ్లెం మాత్రం పెరగలేదు. ఈ విషయంలో వీడియోలవాళ్ల కోపం న్యాయమైనదేనని నేను అనుకుంటాను.

పాత అనుభవం ఒకటి మీ నాలుగేళ్ల లెక్కకు పనికొస్తుంది. 2016లో జీటీఎక్స్ 1060 పేరుతోనే 3 జీబీది, 6 జీబీది రెండు కార్డులు వచ్చాయి. 3 జీబీదానిలో గ్రాఫిక్స్ చిప్పు సత్తాను కూడా కొంచెం తగ్గించారు, కానీ కొత్తలో రెండింటి మధ్య తేడా పెద్దగా తెలిసేది కాదు. నా దగ్గర 3 జీబీ తీసుకున్నవాళ్లు మూడేళ్లకే మార్చుకోవడానికి వచ్చారు. 6 జీబీ తీసుకున్నవాళ్లలో కొందరు 2022 దాకా లాగించారు. చిప్పు వేగం తగ్గితే సెట్టింగులు దించి సర్దుకోవచ్చు. మెమొరీ చాలకపోతే కూడా సర్దుకోవచ్చు, కానీ ఆ సర్దుబాటుకు అడుగు తొందరగా తగులుతుంది. ర్యామ్‌లాగా తర్వాత కొని గుచ్చుకునేది కాదిది.

అలాగని మెమొరీ అంకె చూసి బలహీనమైన చిప్పును కొనకండి. 16 జీబీ నింపగల టెక్స్చర్లు ఉన్న దృశ్యాన్ని నడిపే సత్తా చిప్పుకు ఉండాలి. మీరు వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5 వరకే ఆడేవాళ్లయితే, 1080పీలో 8 జీబీ ఇంకా చాలా ఏళ్లు చాలుతుందని, 16 జీబీకి పెట్టే అదనపు డబ్బు వృథా అని చెప్పేవాణ్ణి. కథ ఉన్న కొత్త గేములు ఆడినా, టెక్స్చర్లు మీడియం, హై మధ్య పెట్టుకుని ఉండగలిగేవాళ్లకు 4.0 బోర్డు మీద 8 జీబీ కార్డు ఈ రోజుకు నడుస్తుంది. 1440పీ మానిటర్ ఉన్నా, కొనే ఆలోచన ఉన్నా కొత్త 8 జీబీ కార్డు జోలికి వెళ్లవద్దు. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరే. అక్కడ 2025లో 5060తో పాటు 5070 కూడా 8 జీబీతోనే వచ్చింది, కాబట్టి మెమొరీ కోసం పై మెట్టు చిప్పుకు డబ్బు పెడుతున్నామని అనుకుంటే మోసపోతారు.

ఇక మీ విషయం. 2025 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ మీ బోర్డుకు నా మొదటి సలహా. దాని మెమొరీ ఎలాగూ పెద్దది, అది పూర్తి 16 లేన్లు వాడుకుంటుంది కాబట్టి మీ 3.0 స్లాటులో కూడా సెకనుకు 16 జీబీ దారి దొరుకుతుంది. దాని 8 జీబీ రూపం కూడా ఉంది, అది వద్దు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ కూడా మంచి కార్డే. 8 లేన్లే అయినా 16 జీబీ నిండి పొంగడం మీ 1080పీలో అరుదు కాబట్టి ఆ లోటు మీకు పెద్దగా తెలియదు. ఖరీదు ఎక్కువ. అయితే చదువులో భాగంగా మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేయాలనుకుంటే అలాంటి లెక్కలను కార్డు మీద నడిపే "కుడా" (CUDA) అనే సాఫ్ట్‌వేర్ ఉన్న ఈ ఎన్విడియా కార్డు వల్ల మీకు కలిగే సౌకర్యం ఆ అదనపు డబ్బుకు తగినదే, అప్పుడు ఇంట్లో చెప్పడానికి కూడా ఒక కారణం దొరుకుతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీ ధరకు తగ్గ కార్డే గాని, మీ 3600 వంటి పాత ప్రాసెసర్లతో కొన్ని గేముల్లో వెనకబడుతుంది, మీకు చెప్పను. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమొరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి కాబట్టి, 8కీ 16కీ మధ్య తేడా నేను ఈ రోజు చెప్పినా మీరు కొనే రోజుకు మారిపోతుంది. కొనే రోజున జీఎస్‌టీ 18 శాతం కలిపిన ధరలే పోల్చుకోండి. తేడా మరీ ఎక్కువై 16 జీబీ అందకపోతే, నాలుగు నెలలు ఆగడం 8 జీబీ కొనడం కంటే మేలు. మీ 1650తో వాలరెంట్ ఎలాగూ నడుస్తోంది కదా.

సెకండ్ హ్యాండు కార్డు కూడా ఆలోచిస్తున్నట్టు రాశారు. 12 జీబీ 3060 మంచి ధరకు దొరికితే, అది 16 లేన్ల కార్డే కాబట్టి, చెడ్డ బేరం కాదు. కానీ 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులను ఆపకుండా నడిపి డిజిటల్ నాణేలు సంపాదించే పని) ఆగిపోయాక మార్కెట్లోకి వచ్చిన కార్డులు ఇంకా చేతులు మారుతున్నాయి. మన ఎండాకాలంలో గది వేడి కూడా తోడై, అలసిపోయిన మెమొరీ చిప్పులు ముందు లొంగిపోతాయి. కనీసం గంటసేపు బరువైన గేము ఆడి, తెర మీద రంగు చుక్కలు, చదరపు ముక్కలు రాకపోతేనే డబ్బు ఇవ్వండి. నేనే ఒకసారి మోసపోయాను. చాలా ఏళ్ల కిందట వేరే ఊరిలో ఒక దుకాణం నుంచి 4 జీబీ 1050 టీఐ అని తెచ్చి ఒక పిల్లవాడికి అమర్చాను. విండోస్‌లో 4 జీబీ అనే చూపింది. గేము 1 జీబీ దాటగానే కంప్యూటర్ స్తంభించేది. హీట్ సింక్ విప్పి చూస్తే కింద ఉన్నది ఎప్పటిదో పాత 1 జీబీ కార్డు. లోపలి బయాస్‌ను, అంటే కార్డు తన వివరాలు చెప్పుకునే ప్రోగ్రామును, మార్చి పేరు తగిలించారు. ఆ పిల్లవాడికి నా జేబులోంచి కొత్త కార్డు ఇవ్వవలసి వచ్చింది. విండోస్ చెప్పే అంకెను ఆ రోజు నుంచి నమ్మడం మానేశాను. ఇప్పుడు కార్డు అసలు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ (GPU-Z) ప్రోగ్రాము పెట్టి చూసి, మెమొరీని నిండా నింపే పరీక్ష నడిపాకే సెకండ్ హ్యాండు కార్డుకు డబ్బు ఇస్తాను.

కొనే ముందు క్యాబినెట్ తెరిచి, లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, అదే మీ ఎస్‌ఎంపీఎస్, ఏదో ఒకసారి చూడండి. జీటీఎక్స్ 1650 కార్డులు చాలావరకు స్లాటు నుంచే కరెంటు తీసుకుంటాయి కాబట్టి, ఆ కంప్యూటర్ కట్టినవాళ్లు చవకలో చవక ఎస్‌ఎంపీఎస్ పెట్టి ఉండవచ్చు. 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160 వాట్లు కావాలి, 8 పిన్నుల తీగ విడిగా గుచ్చాలి. నిజంగా 450 వాట్లు ఇవ్వగల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని దాని తయారీదారు సలహా. తీగ లేకపోతే మార్పిడి కనెక్టర్లతో సర్దవద్దు, ఎస్‌ఎంపీఎస్ మార్చండి. బోర్డు బయాస్ కూడా అప్‌డేట్ చేసుకుని, ప్రాసెసర్‌కు కార్డు మెమొరీ మొత్తం ఒకేసారి అందేలా చేసే రీసైజబుల్ బార్ అన్న ఆప్షన్ ఉంటే వేసుకోండి.

చివరిగా బిల్లు గురించి. 9060 ఎక్స్‌టీ అయినా, 5060 టీఐ అయినా 8 జీబీదీ 16 జీబీదీ పేరు ఒకటే, పెట్టె బొమ్మ కూడా దాదాపు ఒకటే. ఫోన్లో ధర అడిగినప్పుడు తక్కువ చెప్పేది చాలాసార్లు 8 జీబీదే. కాబట్టి బిల్లు మీద 16 జీబీ అని, సీరియల్ నంబరుతో సహా రాయించుకుని, పెట్టె మీదిదీ కార్డు వెనక అంటించినదీ అదే నంబరేనా అని కౌంటరు దగ్గరే చూసుకున్నాకే బయటికి రండి.